మంగళవారం సున్నా

గ్రిమ్సే దీవిలో, జూన్ నెల అర్ధరాత్రి
ఎండలో బట్టలారేస్తోంది స్వాన్‌హిల్దుర్.
అర్ధరాత్రని గోడ గడియారం అంటోంది గానీ
సముద్రం ఒప్పుకోవడం లేదు,
గొర్రెలు ఒప్పుకోవడం లేదు.
ఒప్పుకునేది ఒక్కటే,
వంటగది బల్ల కింద గుయ్యిమనే సర్వర్ పెట్టె.
నాలుగు సున్నాలు పడగానే
నిన్నటిని మూటగట్టి గోడవారకు నెడుతుంది,
కొత్త ఖాతా తెరుస్తుంది.

గడ్డిలో ఒక గూడు, ఎదురుగా కర్రకు కట్టిన కెమెరా.
రెండు గుడ్ల మీద ఒక పిట్ట:
నెత్తిన నల్ల టోపీ, ఎర్ర ముక్కు,
దగ్గరికెళ్తే మాడు పగలగొట్టే కోపం.
ఆ ఊరి భాషలో దాని పేరు క్రీయ.
మన వ్యాకరణంలోని క్రియలాగే
ఒక చోట కుదురుగా ఉండదు,
ఏటా భూమి ఈ కొస నుంచి ఆ కొసకు ఎగురుతుంది.
దాన్ని చూడ్డానికి రోజుకి రెండువందల మంది వస్తారు.
వంద రోజులు ఎడతెగకుండా వచ్చినవాళ్ళకు
పేరు పక్కన ఒక తెల్ల ఈక బొమ్మ.

పుంతా అరేనాస్ నుంచి ఎదెల్మీరా రాసింది:
"ముప్పైమూడు దగ్గర నా లెక్క తెగిపోయి
మళ్ళీ ఒకటి అని చూపిస్తోంది.
నేను రాని రోజు లేదు.
మంగళవారం కూడా వచ్చాను.
గాలికి బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది, అంతే.
ఆ రాత్రి పిట్ట ముక్కుతో ఒక గుడ్డును తిప్పింది.
రాకపోతే నాకెలా తెలుస్తుంది?"

స్వాన్‌హిల్దుర్ తడి చేతులు తుడుచుకుని పట్టీ తిరగేసింది.
సోమవారం: ఇరవై మూడు యాభై.
మంగళవారం: సున్నా.
బుధవారం: సున్నా సున్నా పది.
అదే బుధవారం, మళ్ళీ, ఇరవై మూడు యాభై.

అక్కడ రాత్రి తొమ్మిది అయితే ఇక్కడ అర్ధరాత్రి.
పీతల డబ్బాల ఫ్యాక్టరీ నుంచి ఇల్లు చేరి
బూట్లు విప్పకుండానే ఫోన్ తీసే ఆమెకు
తొమ్మిదికి అటు పది, ఇటు పది నిమిషాల్లో
ఒక రోజు నలిగిపోయింది.
మొత్తం మాత్రం సరిపోయింది.
రావడాలు మూడు, లెక్కలో మూడు.
రోజులే తప్పిపోయాయి.

సూర్యోదయాన్ని తాకని తిథిని
మన పంచాంగం క్షయమంటుంది,
రెండు ఉదయాలు తాకితే వృద్ధి.
సూర్యుడు అస్తమించడమే మరిచిన ఊళ్ళో
ఏ ఉదయాన్ని పట్టుకుని తిథి చెప్పాలి?
ఆ పెట్టెనడిగితే సున్నా అంటుంది.

కత్తిని మూడు గంటలు జరపొచ్చు.
జరిపితే కమ్‌చాట్కాలో
మధ్యాహ్నం మూడింటికి టీ తాగుతూ చూసే
లైట్‌హౌస్ మనిషి రెండు ముక్కలవుతాడు.
పోనీ ఎవరి రోజు వాళ్ళే లెక్కపెట్టుకోమంటే
ఒక్కో మంగళవారం భూమ్మీద
యాభై గంటలు బతుకుతుంది;
ఎప్పుడు పాతిపెట్టాలో తెలియక
గుమ్మంలో కూర్చుని ఉంటుంది.

ఎదెల్మీరా ఇంకో మాట కూడా రాసింది, చివర్లో, చిన్నగా:
"ఒక్కోసారి నలుగురం చూస్తాం,
పక్కింటి ముసలాయన, ఆయన చెల్లెలు, మా పాప.
ఫోన్ ఒక్కటే."
పట్టీలో అది ఒకటి.

ఈక ఇవ్వడానికి అంకె దిద్దాలి.
ఒక్క అంకె దిద్దితే
మిగతా రెండువందల మంది మొహం ఎలా చూడాలి?
చాలాసేపు కూర్చుంది. కాఫీ చల్లారింది.
చివరికి ఆ పట్టీ జోలికి పోకుండా
గోడ మీద చేపల కంపెనీ క్యాలెండర్లో
ఆ మంగళవారం గడిలో పెన్సిల్‌తో
"గాలి" అని రాసింది.

ఆగస్టులో పిట్టలు వెళ్ళిపోయాయి.
కెమెరా ఉత్త గడ్డిని చూస్తోంది.
పట్టీలో రోజూ ఒకటో, రెండో.
అందులో ఒకటి పుంతా అరేనాస్.

నవంబరులో మళ్ళీ ఉత్తరం:
"ఇవాళ రేవు దగ్గర ఒకటి కనిపించింది.
మాకూ ఇలాంటి పిట్ట ఇంకో రకం ఉంది,
మీదేనని ఒట్టు పెట్టలేను.
నేను పనికి వెళ్తున్నాను, అది నిలబడలేదు.
టైం చూసుకోవడం మరిచిపోయాను."